డీబగ్గర్‌లో సిగ్నల్ సంఖ్యల తర్జుమా

(కర్నూలులో కంప్యూటర్ సైన్సు విద్యార్థులు, అధ్యాపకుల ఎదుట చేసిన ప్రసంగానికి రాత ప్రతి ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాము. తడబాట్లను మాత్రమే తీసివేశాము.)

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులందరికీ నమస్కారం.

నేరుగా విషయంలోకి వస్తాను. ప్రోగ్రాములోని తప్పులను వెతకడానికి వాడే సాధనం డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రాముకు ఏదో జరిగిందని తెలిపే చిన్న సందేశం సిగ్నల్. ఒక వైఫై రూటరు ఉందనుకోండి. దానిలో మిప్స్ ప్రాసెసరు ఉంది, దాని మీద లైనక్స్ నడుస్తోంది. ఆ రూటరులోని ఒక ప్రోగ్రాము ఒక ఫైలును మెమరీలోకి మ్యాప్ చేసుకుని చదువుతూ ఉండగా, ఇంకొక ప్రోగ్రాము ఆ ఫైలును కత్తిరించి చిన్నది చేసింది. మొదటి ప్రోగ్రాము, ఇప్పుడు ఫైలులో లేని భాగాన్ని తాకింది. కెర్నెలు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దానికి మెమరీ తప్పును తెలిపే సిగ్‌బస్ అనే సిగ్నల్‌ను పంపింది. ప్రోగ్రాము ఆగిపోయింది, ఆగిపోతూ ఒక కోర్ ఫైలును, అంటే ఆగిన క్షణంలో తన మెమరీ ఎలా ఉందో చూపే ప్రతిని, మిగిల్చింది. మీరు ఆ కోర్ ఫైలును మీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని డీబగ్గర్‌లో తెరిచారు. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎక్స్86 ప్రాసెసరు. ఇప్పుడు డీబగ్గర్ మీకు ఏమని చెప్పాలి?

సిగ్‌బస్ వల్ల ప్రోగ్రాము ఆగిపోయిందని చెప్పాలి. అయితే జాగ్రత్తగా రాయని డీబగ్గర్ ఆ మాట చెప్పదు. సిగ్‌యూజర్1 వల్ల ఆగిపోయిందని చెబుతుంది. సిగ్‌యూజర్1 అంటే ఏమిటో మీకు తెలుసు. ఒక ప్రోగ్రాము ఇంకొక ప్రోగ్రాముకు కావాలని పంపుకునే సిగ్నల్ అది, మెమరీ తప్పుతో దానికి ఏ సంబంధమూ లేదు. ఆ మాట నమ్మినవారు ఏమి చేస్తారు? ఈ సిగ్నల్‌ను ఎవరు పంపారు, ఏ స్క్రిప్టు పంపింది, వెనుక నడిచే ఏ డీమన్ ప్రోగ్రాము పంపింది అని వెతుకుతారు. ఎవరూ పంపలేదు. లేని మనిషి కోసం రెండు రోజులు వెతికే పరిస్థితి వస్తుంది. అసలు తప్పు మాత్రం ఫైలు దగ్గరే ఉంటుంది.

ఎందుకు ఇలా జరిగింది? కోర్ ఫైలులో సిగ్నల్ పేరు ఉండదు. అందులో ఉండేది ఒక సంఖ్య మాత్రమే. మిప్స్ లైనక్స్‌లో సిగ్‌బస్ సంఖ్య 10. ఎక్స్86 లైనక్స్‌లో 10 అంటే సిగ్‌యూజర్1, సిగ్‌బస్ అక్కడ 7. డీబగ్గర్ కోర్ ఫైలులో 10ని చూసింది, తాను నడుస్తున్న యంత్రపు పట్టికలో 10 ఎదురుగా ఏ పేరు ఉందో ఆ పేరును మనకు చదివి వినిపించింది. సంఖ్యను సరిగ్గానే చదివింది, పట్టిక మాత్రం వేరే ఇంటిది.

మన ఊరి నుంచి తుంగభద్ర వంతెన దాటితే అలంపురం వైపు వెళతాము. ఇక్కడ భూమిని సెంట్లలో కొలుస్తాము, అటు గుంటలలో కొలుస్తారు. ఎకరాకు నూరు సెంట్లు, ఎకరాకు నలభై గుంటలు. ఒక కాగితం మీద కేవలం 'పది' అని రాసి ఉంటే, నదికి ఈ వైపున అది ఎకరాలో పదో వంతు, ఆ వైపున ఎకరాలో నాలుగో వంతు. ఆ కాగితం ఏ ఒడ్డున రాసినదో తెలియకుండా ఎవరైనా బేరం కుదుర్చుకుంటారా? సిగ్నల్ సంఖ్య కూడా సరిగ్గా అలాంటిదే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. సంఖ్య ఎక్కడ పుట్టిందో తెలుసుకుని, ఆ చోటి పట్టికతోనే దానిని చదవాలి, డీబగ్గర్ తన సొంత యంత్రపు పట్టికను ఊరకే అందుకోకూడదు. మిగిలినదంతా ఈ ఒక్క మాటకు వివరణ.

సంఖ్యలు ఎందుకు వేరయ్యాయి?

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. లైనక్స్ ఒకటే కదా, మరి ఒకే లైనక్స్‌లో ప్రాసెసరును బట్టి సంఖ్యలు మారడం ఏమిటి? ప్రాసెసరుకూ సిగ్నల్ సంఖ్యకూ సంబంధం ఏమిటి? నిజానికి ప్రాసెసరుకు ఈ సంఖ్యలతో ఏ సంబంధమూ లేదు. ఇది చరిత్ర మిగిల్చిన తేడా.

లైనక్స్‌కు నమూనాగా నిలిచిన యూనిక్స్‌లో, 1979 నాటి ఏడో కూర్పును చూడండి. అందులో 1 నుంచి 15 వరకు సిగ్నళ్లు ఉన్నాయి. 1 సిగ్‌హప్, 2 సిగ్‌ఇంట్, 9 సిగ్‌కిల్, 11 సిగ్‌సెగ్‌వీ, 15 సిగ్‌టర్మ్. ఇవి నేటికీ మారలేదు. వాటి నడుమ 7 దగ్గర సిగ్‌ఈఎమ్‌టీ అనేది ఉంది. పీడీపీ-11 యంత్రంలోని ఒక ఆదేశం పేరు మీద పుట్టిన సిగ్నల్ అది. 10 దగ్గర సిగ్‌బస్, 12 దగ్గర సిగ్‌సిస్ ఉన్నాయి. ఈ మూడు గదులను గుర్తుపెట్టుకోండి: 7, 10, 12. తరువాత 1991లో ఇంటెల్ 386 మీద లైనక్స్ మొదలైంది. అక్కడ ఈఎమ్‌టీకి స్థానం ఇవ్వలేదు. 7వ గది సిగ్‌బస్‌కు వచ్చింది, 10 సిగ్‌యూజర్1కు, 12 సిగ్‌యూజర్2కు వెళ్లాయి, సిగ్‌సిస్ చివరన 31 దగ్గరకు వెళ్లింది. మొదటి పదిహేనులో తేడా అంతా ఈ మూడు గదులలోనే ఉంది. మిగిలిన పన్నెండూ ఒకటే.

ఆ తరువాత లైనక్స్ ఇతర ప్రాసెసర్ల మీదికి వెళ్లింది. వెళ్లిన కొన్నిచోట్ల అప్పటికే ఒక యూనిక్స్ పాతుకుపోయి ఉంది. స్పార్క్ మీద సన్ కంపెనీ సన్‌ఓఎస్, ఆల్ఫా మీద డిజిటల్ కంపెనీ ఓఎస్‌ఎఫ్/1, మిప్స్ మీద సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఐరిక్స్. ఆ యూనిక్స్‌ల కోసం కంపైలు అయిన ప్రోగ్రాములు లైనక్స్ మీద కూడా నడవాలనే ఆశతో, ఆయా చోట్ల ఉన్న సిగ్నల్ సంఖ్యలనే లైనక్స్ కూడా తీసుకుంది. అది ఆనాటికి సరైన నిర్ణయమేనని నేను అనుకుంటాను. అయితే ఆ యూనిక్స్‌లు వెళ్లిపోయాయి, సంఖ్యలు మాత్రం లైనక్స్‌లో ఉండిపోయాయి. ఒకసారి కంపైలు అయిన ప్రోగ్రాములో సంఖ్య అచ్చయిపోతుంది, కాబట్టి దానిని ఇక మార్చలేరు.

ఫలితం చూడండి. సిగ్‌యూజర్1 ఎక్స్86లో, ఆర్మ్‌లో 10, స్పార్క్‌లో, ఆల్ఫాలో 30, మిప్స్‌లో 16. సిగ్‌చైల్డ్ ఎక్స్86లో 17, స్పార్క్‌లో 20, మిప్స్‌లో 18. సిగ్‌స్టాప్ ఎక్స్86లో 19, స్పార్క్‌లో 17, మిప్స్‌లో 23. ఇప్పుడు 17 అనే ఒక్క సంఖ్యను తీసుకోండి. ఎక్స్86లో సిగ్‌చైల్డ్, స్పార్క్‌లో సిగ్‌స్టాప్, మిప్స్‌లో సిగ్‌యూజర్2. ఒక సంఖ్య, మూడు యంత్రాలు, మూడు వేర్వేరు అర్థాలు. సెక్షన్ 7లోని సిగ్నల్ మాన్యువల్ పేజీని తెరిస్తే ఈ పట్టిక మొత్తం, ప్రాసెసరు వారీగా నిలువు వరుసలలో కనిపిస్తుంది. ఇంటికి వెళ్లాక తప్పకుండా చూడండి.

మరి యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి నియమాలు పెట్టిన పోసిక్స్ ప్రమాణం దీనిని సరిచేయలేదా అని మీరు అడగవచ్చు. పోసిక్స్ సిగ్నళ్ల పేర్లను నిర్ణయించింది, వాటి ప్రవర్తనను నిర్ణయించింది, సంఖ్యలను మాత్రం వదిలేసింది. కిల్ అనే ఆదేశానికి మాత్రం 1, 2, 3, 6, 9, 14, 15 వంటి కొన్ని సంఖ్యలకు నిలకడైన అర్థం ఇచ్చింది. ఆ జాబితాలో 7, 10, 12 లేవని గమనించారా? గొడవ ఉన్న గదులను ప్రమాణం తాకలేదు.

జీడీబీ ఎంచుకున్న దారి

ఇప్పుడు డీబగ్గర్ దగ్గరకు వద్దాము. నేను జీడీబీ అనే డీబగ్గర్ గురించి మాట్లాడతాను, ఎందుకంటే దాని సోర్సు మీ అందరికీ అందుబాటులో ఉంది, నేను చెప్పేది నిజమో కాదో మీరే తెరిచి చూసుకోవచ్చు.

జీడీబీ తనకంటూ ఒక సొంత సంఖ్యల వరుసను పెట్టుకుంది. ఏ యంత్రానిదీ కాదు, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌దీ కాదు, జీడీబీదే. బయటి నుంచి ఏ సంఖ్య వచ్చినా ముందు దానిని ఈ సొంత వరుసలోకి మార్చుకుంటుంది. లోపల పనంతా ఈ వరుసతోనే చేసుకుంటుంది. బయటికి పంపవలసి వచ్చినప్పుడు మళ్లీ అవతలి యంత్రపు సంఖ్యగా మారుస్తుంది. ఎన్ని యంత్రాలు ఉన్నా, ఒక్కొక్క యంత్రానికి రాకకు ఒకటి, పోకకు ఒకటి, రెండే మార్పిడులు చాలు. ప్రతి యంత్రం నుంచి ప్రతి యంత్రానికీ పట్టికలు రాయనవసరం లేదు.

ఆ సొంత వరుసలో మొదటి పదిహేను, నేను ఇందాక చెప్పిన 1979 నాటి యూనిక్స్ వరుసే. అంటే 7 ఈఎమ్‌టీ, 10 బస్, 12 సిస్. తరువాత 31 వరకు ఇంచుమించు బీఎస్‌డీ అనే యూనిక్స్ శాఖ వరుస: 17 స్టాప్, 20 చైల్డ్, 30 యూజర్1, 31 యూజర్2. ఆ పైన ఎన్నో వాణిజ్య యూనిక్స్‌ల సొంత సిగ్నళ్లు వరుసగా చేరాయి. కాబట్టి మీ ఎక్స్86 లైనక్స్ సంఖ్యలూ జీడీబీ లోపలి సంఖ్యలూ ఒకటి కావు. మీరు మీ సొంత ల్యాప్‌టాప్ మీద, మీ సొంత ప్రోగ్రామును డీబగ్ చేస్తున్నప్పుడు కూడా మార్పిడి జరుగుతూనే ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. జీడీబీలో సిగ్నల్ పేరుకు బదులు సంఖ్య ఇవ్వవచ్చు, కానీ 1 నుంచి 15 వరకే ఇవ్వనిస్తుంది, ఆ పైన ఇస్తే ఒప్పుకోదు, పేరు చెప్పమంటుంది. ఆ పదిహేనులోనే మన మూడు గదులు ఉన్నాయి కదా! టెర్మినల్‌లో కిల్ ఆదేశంతో 10ని పంపితే మీ ప్రోగ్రాముకు సిగ్‌యూజర్1 చేరుతుంది. జీడీబీ లోపల సిగ్నల్ ఆదేశంతో 10ని ఇస్తే సిగ్‌బస్ చేరుతుంది. ఒకే యంత్రం మీద, ఒకే ప్రోగ్రాముకు, ఒకే సంఖ్య, రెండు వేర్వేరు ఫలితాలు. అందువల్ల మీ అందరినీ గట్టిగా కోరుతున్నాను, జీడీబీలో ఎప్పుడూ పేరునే రాయండి, సంఖ్యను రాయకండి. మీ స్క్రిప్టులలో కూడా పేరునే రాయండి.

సరే, బయటి సంఖ్యను లోపలి సంఖ్యగా మార్చే పని ఎలా జరుగుతుంది? దీనికి జీడీబీలో రెండు దారులు ఉన్నాయి. ఈ రెండింటి తేడా తెలిస్తే ఈ ప్రసంగంలో సగం మీకు తెలిసినట్టే.

మొదటిది, హోస్టు పట్టిక, అంటే డీబగ్గర్ నడిచే యంత్రపు పట్టిక. జీడీబీని ఏ యంత్రం మీద కంపైలు చేశారో, ఆ యంత్రపు సిగ్నల్ హెడర్ ఫైలులో, అంటే సిగ్నల్ పేర్లూ సంఖ్యలూ నిర్వచించి ఉండే సోర్సు ఫైలులో, ఉన్న పేర్లను చూసి తయారయ్యే పట్టిక ఇది. సిగ్‌బస్ అనే పేరు ఈ యంత్రం మీద నిర్వచించి ఉందా, ఉంటే వచ్చిన సంఖ్య దానితో సమానమా, సమానమైతే జీడీబీ వరుసలో బస్ అని తిరిగి ఇవ్వు. ఇలా ఒక్కొక్క పేరునూ అడుగుతూ పోతుంది. ఎంతో సులువు, ఎవరూ చేత్తో సంఖ్యలు రాయనవసరం లేదు, కంపైలరే నింపుతుంది. డీబగ్గర్, డీబగ్ అయ్యే ప్రోగ్రాము ఒకే యంత్రం మీద ఉన్నంతవరకు ఇది పూర్తిగా సరైనది.

రెండవది, టార్గెట్ పట్టిక, అంటే డీబగ్ అయ్యే ప్రోగ్రాము నడిచిన యంత్రపు పట్టిక. ఇది హెడర్ ఫైలు మీద ఆధారపడదు. మిప్స్ లైనక్స్‌కు ఈ సంఖ్యలు, స్పార్క్ లైనక్స్‌కు ఈ సంఖ్యలు, ఆల్ఫాకు ఈ సంఖ్యలు అని మనిషి కూర్చుని చేత్తో రాసిన పట్టిక. ఎక్స్86, ఆర్మ్ వంటి వాటికి ఒక సాధారణ లైనక్స్ పట్టిక ఉంటుంది, తేడా ఉన్నవారు తమ తేడాను మాత్రం పైన రాసుకుంటారు. లైనక్స్‌కు ఈ పట్టికలు 2013లో జీడీబీలోకి వచ్చాయి.

దీని అర్థం ఏమిటి? కోర్ ఫైలును తెరిచినప్పుడు జీడీబీ ముందుగా, ఈ ఫైలు ఏ యంత్రానిది, ఆ యంత్రానికి టార్గెట్ పట్టిక ఉందా అని చూస్తుంది. ఉంటే దానిని వాడుతుంది. లేకపోతే? హోస్టు పట్టికకే తిరిగి వెళుతుంది. అలా వెళ్లడం సొంత యంత్రపు కోర్‌కు సరిపోతుందని, వేరే యంత్రపు కోర్‌కు బహుశా తప్పవుతుందని ఆ చోట సోర్సులోనే వ్యాఖ్య రాసి పెట్టారు. రాసినవారి నిజాయితీని నేను గౌరవిస్తాను. కానీ వాడేవారికి ఆ వ్యాఖ్య కనిపించదు కదా! వారికి కనిపించేది తెర మీది ఒక పేరు, ఆ పేరు ఎంతో ధీమాగా కనిపిస్తుంది. కొత్త ఆర్కిటెక్చర్‌కు జీడీబీని సిద్ధం చేసేవారు ఈ పట్టికను ఆఖరున చేర్చే చిన్న పనిగా చూడకూడదని నా అభిప్రాయం.

ఇక్కడ ఇంకొక విషయం గమనించండి. కోర్ ఫైలు ఈఎల్‌ఎఫ్ అనే ఫైలు రూపంలో ఉంటుంది. దాని తలభాగంలో యంత్రపు గుర్తింపు సంఖ్య ఉంటుంది: మిప్స్‌కు 8, ఎక్స్86-64కు 62, ఆర్మ్ 64 బిట్లకు 183. బైట్లు ఏ క్రమంలో ఉన్నాయో కూడా అక్కడే రాసి ఉంటుంది. సిగ్నల్ సంఖ్య ఒక నోటులో, ప్రాసెస్ స్థితిని తెలిపే నిర్మాణంలో, రెండు బైట్ల గడిలో ఉంటుంది. ఆ రెండు బైట్లను తిరగేసి చదవాలా వద్దా అన్నది ఏ డీబగ్గరూ మరచిపోదు, ఎందుకంటే మరచిపోతే 10 బదులు 2560 వస్తుంది, తప్పు వెంటనే పట్టుబడుతుంది. పట్టిక విషయంలో మరచిపోతే 10 పదిగానే వస్తుంది, చూడటానికి బాగానే ఉంటుంది. ఇలా నోరు మెదపకుండా కూర్చునే తప్పులే అన్నిటికన్నా ఎక్కువ కాలం తింటాయి.

ఇప్పుడు దూరపు డీబగ్గింగు. రూటరు మీద, అక్కడి ప్రోగ్రామును జీడీబీ తరఫున నడిపే జీడీబీసర్వర్ నడుస్తోంది, మీ ల్యాప్‌టాప్ మీద జీడీబీ నడుస్తోంది, రెండింటి మధ్య నెట్‌వర్కు తీగ ఉంది. ఈ తీగ మీద సిగ్నల్ ఎలా ప్రయాణిస్తుంది? ప్రోగ్రాము ఆగినప్పుడు సర్వరు పంపే జవాబు 'ఎస్' గానీ 'టీ' గానీ అనే అక్షరంతో మొదలవుతుంది, దాని వెనుక రెండు హెక్సాడెసిమల్ అంకెలలో సిగ్నల్ సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఎవరిది? రూటరుదా, ల్యాప్‌టాప్‌దా? రెండింటిదీ కాదు. అది జీడీబీ సొంత వరుసలోని సంఖ్య. ప్రోటోకాల్ నియమం అది. ఆ నియమం ఎంతో మంచిది, ఎందుకంటే ఎవరి సంఖ్యలను వారే మార్చుకోవాలి, అవతలివారి పట్టిక ఎవరికీ తెలియనవసరం లేదు.

జీడీబీసర్వర్ రూటరు మీద, రూటరు హెడర్ ఫైలుతో కంపైలు అయింది కాబట్టి, దానికి హోస్టు అంటే రూటరే. కనుక హోస్టు పట్టికే అక్కడ సరైన పట్టిక. చూశారా? అదే ఫంక్షను, అదే సోర్సు, జీడీబీసర్వర్‌లో సరైన జవాబు ఇస్తుంది, ల్యాప్‌టాప్‌లో వేరే యంత్రపు కోర్ ఫైలు ముందు తప్పు జవాబు ఇస్తుంది. తేడా అంతా అది ఎక్కడ నడుస్తోంది, చేతికి వచ్చిన సంఖ్య ఎక్కడ పుట్టింది అన్న దానిలోనే ఉంది.

ఎంబెడెడ్ రంగంలోకి వెళ్లేవారు మీలో చాలామంది ఉంటారు. మీలో కొందరు సొంతంగా ఒక చిన్న స్టబ్, అంటే జీడీబీసర్వర్ పనిని చేసే చిన్న కోడు, రాయవలసి వస్తుంది. అక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, కెర్నెలు ఇచ్చిన సంఖ్యను అలాగే హెక్సాలో రాసి తీగ మీద పంపడం. సిగ్‌సెగ్‌వీ వచ్చింది, 11, హెక్సాలో 0బీ, పంపారు, జీడీబీ సరిగ్గానే చూపింది. బ్రేక్‌పాయింటు వచ్చింది, 5, అదీ సరిగ్గానే చూపింది. పరీక్షలన్నీ నెగ్గాయి, ఎందుకంటే పరీక్షించిన సిగ్నళ్లన్నీ గొడవ లేని గదులలోవి. తరువాత ఒక రోజు పిల్ల ప్రాసెస్ ముగిసి సిగ్‌చైల్డ్ వచ్చింది. ఆర్మ్ లైనక్స్‌లో అది 17, స్టబ్ 17ను అలాగే పంపింది, జీడీబీ వరుసలో 17 అంటే స్టాప్. ఎవరూ ఆపని ప్రోగ్రాము ఆగిందని తెర మీద కనిపిస్తుంది. సిగ్‌బస్ వచ్చి 7 వెళితే, నలభై ఏళ్ల కిందటి ఈఎమ్‌టీ పేరు కనిపిస్తుంది. అందుకని స్టబ్‌ను పరీక్షించేటప్పుడు 7, 10, 12, ఆపైన 16 నుంచి 31 వరకు తప్పకుండా పరీక్షించండి. గొడవ ఉన్న గదులలోనే పరీక్ష ఉండాలి.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది, రెండుసార్లు మార్చడం. స్టబ్ చక్కగా జీడీబీ వరుసలోకి మార్చి పంపింది. ఇవతల ఎవరో అతి జాగ్రత్తతో, వచ్చిన సంఖ్యను మళ్లీ లైనక్స్ పట్టికలో పెట్టి మార్చారు. బస్ అని వచ్చిన 10, మళ్లీ సిగ్‌యూజర్1 అయిపోతుంది. మార్పిడి సరిహద్దు దగ్గర ఒక్కసారే జరగాలి. సోర్సులో ఒక చరరాశిలో ఉన్నది యంత్రపు సంఖ్యా, డీబగ్గర్ సంఖ్యా అన్నది దాని టైపు చూడగానే తెలియాలి. రెండింటినీ ఒకే పూర్ణాంకపు టైపులో ఉంచితే కంపైలరు మిమ్మల్ని కాపాడలేదు. జీడీబీ తన వరుసను ఎనమ్ అనే విడి టైపుగా నిర్వచించుకోవడంలోని మేలు ఇదే.

ఒక ప్రాసెసరు కోసం రాసిన ప్రోగ్రామును ఇంకొక ప్రాసెసరు మీద నడిపే క్యూఈఎమ్‌యూ గురించి ఒక్క మాట. ఎక్స్86 మీద మిప్స్ ప్రోగ్రామును యూజర్ మోడ్‌లో నడిపితే, మూడు పట్టికలు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. హోస్టు కెర్నెలు 7 అని పంపిన సిగ్‌బస్‌ను క్యూఈఎమ్‌యూ అతిథి ప్రోగ్రాము కోసం 10గా మార్చాలి, ఆ అతిథి సంఖ్యను డీబగ్గర్‌కు చెప్పేటప్పుడు జీడీబీ వరుసలోకి మార్చాలి. ఎదురు దిశలో కూడా అంతే. మిప్స్ ప్రోగ్రాము తన పట్టిక ప్రకారం సిగ్‌యూజర్1 అనుకుని 16ను పంపమంటే, క్యూఈఎమ్‌యూ దానిని హోస్టు కెర్నెలుకు 10గా ఇవ్వాలి. మార్చకుండా 16నే ఇస్తే, ఎక్స్86లో 16 అంటే స్టాక్ ఫాల్ట్ సిగ్నల్.

32 నుంచి పైన ఉండే రియల్‌టైమ్ సిగ్నళ్లు కాస్త నెమ్మదిగా చూడవలసినవి. ఎక్స్86 లైనక్స్‌లో సిగ్నళ్లు 64 వరకు ఉంటాయి, మిప్స్‌లో 127 వరకు ఉంటాయి. జీడీబీ వరుసలో ముందుగా 33 నుంచి 63 వరకు చోటు ఇచ్చారు, అవి 45 నుంచి 75 వరకు కూర్చున్నాయి. అప్పటికి 32కు చోటు లేదు. తరువాత లైనక్స్‌కు 32 అవసరమైంది. మధ్యలో దూర్చడానికి వీలులేదు, ఎందుకంటే ఈ వరుస తీగ మీద ప్రయాణించే ప్రోటోకాల్‌లో భాగం, జరిపితే పాత సర్వర్లన్నీ తప్పుతాయి. అందుకని 32 వెళ్లి 77లో కూర్చుంది, 64 వెళ్లి 78లో కూర్చుంది, అక్కడి నుంచి మిప్స్ కోసం 127 వరకు సాగి 141 దగ్గర ఆగింది. కాబట్టి మార్పిడి రాసేటప్పుడు, 33 నుంచి 63 వరకు 12 కలపాలి, 64 నుంచి 127 వరకు 14 కలపాలి, 32ను విడిగా చూడాలి. 'అన్నిటికీ ఒకే సంఖ్యను కలిపితే సరి' అనుకుని రాసిన కోడు రెండు చివరలా తప్పుతుంది. ఇక్కడ ఇంకొకటి, 32, 33 సంఖ్యలను జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ తన థ్రెడ్ల పని కోసం ఉంచుకుంటుంది. మీ ప్రోగ్రాముకు రియల్‌టైమ్ సిగ్నళ్లు 34 నుంచే మొదలవుతాయి. జీడీబీలో థ్రెడ్ల ప్రోగ్రాము నడుపుతుండగా 32, 33 కనిపిస్తే కంగారు పడకండి.

అన్ని సిగ్నళ్లకూ జోడీ దొరకదు కూడా. ఇందాక చెప్పిన స్టాక్ ఫాల్ట్ సిగ్నల్‌కు జీడీబీ వరుసలో స్థానం లేదు. అలాగే లైనక్స్‌లో సిగ్‌ఐఓ, సిగ్‌పోల్ రెండూ ఒకే సంఖ్య, జీడీబీలో అవి రెండు వేర్వేరు సంఖ్యలు. వెళ్లిన దారిలోనే తిరిగి వస్తామన్న హామీ లేదు. జోడీ దొరకనప్పుడు ఏమి చేయాలి? జీడీబీ వరుసలో 'తెలియని సిగ్నల్' అనేదానికి కూడా ఒక సంఖ్య ఉంది, 143. దానిని ఇవ్వాలి. దగ్గరగా ఉన్న పేరును ఇవ్వడం కన్నా తెలియదని చెప్పడం వెయ్యి రెట్లు మేలని నేను నమ్ముతాను. తెలియదన్న మాట చూసినవారు మాన్యువల్ తెరుస్తారు. తప్పు పేరు చూసినవారు తెరవరు.

సంఖ్యతో పని ముగియదు. సిగ్నల్‌తో పాటు వచ్చే సమాచారపు నిర్మాణంలో కూడా తేడా ఉంది. మామూలుగా సిగ్నల్ సంఖ్య, తరువాత ఎర్రర్ సంఖ్య, తరువాత కారణపు కోడు అన్న వరుసలో ఉంటాయి. మిప్స్ లైనక్స్‌లో చివరి రెండూ తారుమారుగా ఉంటాయి. సిగ్నల్ పేరును సరిగ్గా చూపి, కారణపు కోడును వేరే గడి నుంచి చదివితే, సగం నిజం చెప్పినట్టే అవుతుంది.

వెనుక వరుసలో ఒకరు ఇందాకే చిన్నగా అన్నారు, 'మిప్స్, స్పార్క్ యంత్రాలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి సార్' అని. మంచి ప్రశ్న. నిజమే, ఆర్మ్ 64 బిట్లకూ, కొత్తగా వచ్చిన రిస్క్‌-ఫైవ్‌కూ లైనక్స్ ఎక్స్86 సంఖ్యలనే ఇచ్చింది. కొత్త ప్రాసెసర్లతో ఈ సమస్య తగ్గుతోంది. కానీ మీలో కొందరి చేతిలో మాక్ ల్యాప్‌టాప్ ఉంది. మాక్ ఓఎస్ బీఎస్‌డీ సంతతిది. అక్కడ సిగ్‌బస్ 10, సిగ్‌యూజర్1 30, సిగ్‌చైల్డ్ 20, సిగ్‌స్టాప్ 17. సర్వరు మీద లైనక్స్, ఒళ్లో మాక్, రెండింటిలోనూ ఆర్మ్ ప్రాసెసరే ఉండవచ్చు. సర్వరులో వచ్చిన కోర్ ఫైలును మాక్ మీద తెరిస్తే, ప్రాసెసరు ఒకటే అయినా, పట్టిక వేరు. కాబట్టి డీబగ్గర్ అడగవలసిన ప్రశ్న 'ఏ ప్రాసెసరు' అన్నది ఒక్కటే కాదు, 'ఏ ప్రాసెసరు మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్' అన్నది. ఈ సమస్య మ్యూజియంలోకి వెళ్లలేదు, మన సంచిలోనే ఉంది.

ఎల్‌ఎల్‌డీబీ అనే ఇంకొక డీబగ్గర్ వేరే దారి పట్టింది. సొంత వరుస ఒకటి పెట్టుకుని అందరినీ అందులోకి మార్చే బదులు, ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక్కొక్క సిగ్నల్ పట్టికను పెట్టుకుంది. తన సర్వరుతో మాట్లాడేటప్పుడు, మీ దగ్గర ఉన్న సిగ్నళ్లు ఏమిటి, వాటి సంఖ్యలు ఏమిటి అని ఒక ప్యాకెట్టు ద్వారా అవతలి యంత్రాన్నే అడిగి తెలుసుకోగలదు. సంఖ్య ఎక్కడ పుట్టిందో పట్టిక కూడా అక్కడి నుంచే రావడం నాకు ఎంతో నచ్చిన ఆలోచన. అయితే కోర్ ఫైలు ముందు అది కూడా చేత్తో రాసిన పట్టిక మీదే ఆధారపడాలి, ఆగిపోయిన ప్రోగ్రాము ప్రశ్నలకు జవాబు చెప్పదు కదా.

ఇది మీరు ఈ రాత్రే చేసి చూడగలిగిన పని. మిప్స్ యంత్రం అక్కరలేదు, మీ లైనక్స్ ల్యాప్‌టాప్ చాలు. తనకు తానే సిగ్‌యూజర్1 పంపుకునే నాలుగు వరుసల సీ ప్రోగ్రాము రాయండి. దానిని జీడీబీసర్వర్ కింద నడిపి, ఇంకొక టెర్మినల్‌లో జీడీబీతో దానికి కలవండి. కొనసాగించే ముందు 'సెట్ డీబగ్ రిమోట్ 1' అని ఆదేశం ఇవ్వండి. తీగ మీద వచ్చి పోయే ప్రతి ప్యాకెట్టూ తెర మీద కనిపిస్తుంది. ప్రోగ్రాము ఆగిన చోట 'టీ' అక్షరంతో మొదలయ్యే జవాబును వెతకండి. మీ కెర్నెలు పంపినది 10, హెక్సాలో అది 0ఏ. ఆ ప్యాకెట్టులో మీకు కనిపించేది 1ఈ, అంటే 30. ఆ తరువాత అదే ప్రోగ్రామును జీడీబీలో నేరుగా, సర్వరు లేకుండా, సిగ్నల్‌తో ముగిసే వరకు నడిపి, 2014లో వచ్చిన 7.7 కూర్పు నుంచి ఉన్న ఎగ్జిట్‌సిగ్నల్ అనే చరరాశిని ప్రింటు చేయించండి. అక్కడ 30 రాదు, 10 వస్తుంది, ఎందుకంటే ఆ చరరాశిలో ఉంచేది టార్గెట్ యంత్రపు సంఖ్య. రెండు సంఖ్యలనూ పక్కపక్కన రాసుకుని, మార్పిడి ఏ ఫంక్షనులో జరిగిందో సోర్సులో వెతకండి. సందేహాలుంటే ఇప్పుడు అడగండి, ఇంకా సమయం ఉంది.